కొండ మేత ఎండింది, సర్కారు సాయం కోసం ఆగొచ్చా?

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర పల్లె. 60 జీవాలున్నాయి. ఈనే వయసు గొర్రెలు 40, విత్తన పొట్టేళ్లు 2, పొట్టేలు పిల్లలు 12, ముసలివి 6. ఈశాన్య వానలు తప్పి కొండంతా ఎండిపోయింది. అమెరికాలో మేత ఎండితే ప్రభుత్వమే డబ్బిస్తుందని అక్కడున్న మా అన్న కొడుకు అంటున్నాడు. మనకూ ఇస్తారా? మేతకని నూటికి మూడు రూపాయల వడ్డీకి 50 వేలు తేవాలనుకుంటున్నా.

జవాబు: మీ అన్నగారి అబ్బాయి చెప్పింది నిజమే. అక్కడ కరువు పటంలో ఆ ప్రాంతం ఒక స్థాయి దాటితే నెల మేత ఖర్చులో 60 శాతం లెక్కన సాయం అందుతుంది. అయితే ఆ మేత భూమి రైతుకు సొంతమో కౌలో అయ్యుండాలి. మీ మంద మేసేది కొండ, బంజరు, కోసిన పొలాలు. ఎండిన గడ్డికి మన దగ్గర పరిహారం లేదు.

ఉన్న సాయం వేరు. విపత్తు సహాయ నిధికి కేంద్రం 2022–26కు ఖరారు చేసిన నిబంధనల్లో గొర్రెకు రోజుకు 45 రూపాయలు, పెద్ద పశువుకు 80 రూపాయలు ఉన్నాయి. చాలామంది పొరబడేది ఇక్కడే. అది మీ ఖాతాలో పడే సొమ్ము కాదు, పశువుల శిబిరం నడపడానికయ్యే ఖర్చు. అదీ మీ మండలాన్ని కరువు మండలంగా ప్రకటించి, శిబిరం తెరిస్తేనే. విపత్తులో గొర్రె చనిపోతే సన్న, చిన్నకారు రైతుకు తలకు 4,000 రూపాయలు, ఇంటికి 30 జీవాల దాకా. ఆకలితో నెమ్మదిగా నీరసించి పోయినవాటిని కరువు లెక్కలో రాయించడం కష్టం. ఒకవేళ పోతే పశువైద్యుడు చూడకుండా, పంచనామా కాకుండా పూడ్చకండి. చెవికి వేసిన గుర్తింపు పోగుతో సహా ఫొటో తీసిపెట్టుకోండి. పోగు మీ నాన్నగారి పేరున, ఖాతా మీ పేరున ఉంటే బిల్లు ఆగుతుంది.

కాబట్టి సాయాన్ని లెక్కలోంచి తీసేయండి. పొట్టేలు పిల్లలు 12, ముసలివి 6 ఈ వారంలోనే అమ్మేయండి. నెల ఆగితే చుట్టుపక్కల అందరూ సంతకు తోలతారు. ధర పడుతుంది, మీ జీవాల బరువూ తగ్గుతుంది. ఈనే గొర్రెలను మాత్రం ముట్టుకోకండి. మంద మళ్లీ నిలిచేది వాటితోనే.

మిగిలేవి 42. బయట మేసింది పోను శనగ పొట్టు, వేరుశనగ కట్టె, కాస్త దాణాకు తలకు రోజుకు 12 రూపాయలు అనుకుందాం. 60 రోజులకు 30,240. మీరనుకున్న 50 వేలు అక్కర్లేదు. సుబాబుల్ ఆకు చవగ్గా దొరికినా మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి, బొచ్చు రాలుతుంది. చూలుతో ఉన్నవాటికి ఈనేముందు నెలన్నర దాణా తగ్గించొద్దు.

ఆ 30 వేలూ బయట తెస్తే ఆరు నెలల వడ్డీ 5,400. పశుపోషణకిచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు మీద గడువులోపు కడితే ఏడాదికి 4 శాతమే, అంటే ఆరు నెలలకు 600. గడువు తప్పితే ఆ రాయితీ పోయి వడ్డీ పెరుగుతుంది. పొలం పట్టా లేకపోయినా జీవాల మీద ఇస్తారు. పశువైద్యుడి దగ్గర మంద ధ్రువీకరణ రాయించుకుని వెళ్లండి. బ్యాంకులో పొలం కాగితాలే అడిగితే, పశుపోషణ కార్డు అని స్పష్టంగా చెప్పండి.

పెన్నా డెల్టాలో వరి కోతలు మొదలవగానే మందను కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు తోలండి. ఎరువు కోసం పొలంలో మంద కట్టినందుకు రైతు ఇచ్చే డబ్బుతో మేత ఖర్చు కొంత దిగుతుంది.

బీమా ఇప్పుడే చేయించండి. జాతీయ పశుధన మిషన్ కింద ప్రీమియంలో మీ వాటా 15 శాతం. అది చావుకే, మేత కొరతకు కాదు. బక్కచిక్కాక బీమాకు కావాల్సిన ఆరోగ్య ధ్రువపత్రం రాదు.

వాన పడ్డాక అప్పు మిగిలి ఉండగా జీవాలు పోయేది రెండు రకాలుగా. లేత పచ్చిక ఆబగా మేసి చిటుకు రోగం (పేగుల్లో విషం పుట్టి ఉన్నట్టుండి చనిపోవడం) తగలడం, ఎండి మళ్లీ చిగిర్చిన జొన్న తిని నాము (ఆ చిగుళ్లలోని విషం) తగలడం. చిటుకు టీకా వానలకు ముందే వేయించండి. జొన్న చేల దగ్గరికి మందను ఆకలి మీద తోలకండి.