రాయి వయసు అడిగే ముందు

అమ్మలూ,

పెదనాన్న ఆశీస్సులు. మొదటిసారి ఫీల్డ్‌కి వెళ్తున్నావనీ, తెచ్చిన రాళ్లన్నీ ల్యాబ్‌కి పంపి వయసు కట్టించాలనుకుంటున్నావనీ రాశావు. చాలా సంతోషం. కానీ సుత్తి తీసే ముందు నోట్‌బుక్ తియ్యమ్మా.

ఏ రాయి వయసులో పెద్దది, ఏది చిన్నది అన్నది చాలావరకు కొండ దగ్గరే తేలిపోతుంది. కింది పొర ముందు పడింది, పై పొర తర్వాత పడింది. డెన్మార్క్ శాస్త్రవేత్త స్టెనో 1669లోనే ఈ మాట రాశాడు. అయితే మడతలు పడి తిరగబడ్డ పొరలూ ఉంటాయి. అలాంటి చోట ఎండిన బురద బీటలు వెతుకు. అవి లోపలికి పోయే కొద్దీ సన్నబడాలి. పైకి సన్నబడుతుంటే పొర తలకిందులైనట్టే. పొరల్ని కోసుకుంటూ పోయిన డైక్, అంటే కరిగిన రాయి పగుళ్లలోకి చొరబడి గోడలా గట్టిపడ్డది, వాటికన్నా చిన్నది. ఒక పొరలో గ్రానైట్ గులకరాళ్లు ఉంటే ఆ గ్రానైట్ పొరకన్నా పెద్దది. ఈ వరస గీసుకోకపోతే రేపు ల్యాబ్ నుంచి వచ్చే అంకెను ఎక్కడ పెట్టాలో తెలియదు.

ఇక అంకె సంగతి. రాతిలోని యురేనియం మెల్లగా సీసంగా మారుతుంది, ఎంత మారిందో కొలిస్తే వయసు తెలుస్తుంది. ఆ యురేనియంలో రెండు రకాలు. యురేనియం 238లో సగం సీసం 206గా మారడానికి దాదాపు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. యురేనియం 235లో సగం సీసం 207 కావడానికి 70 కోట్ల ఏళ్లు చాలు. నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్ముకున్న ఖనిజం జిర్కాన్. స్ఫటికంగా పెరిగేటప్పుడు అది యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. కాబట్టి ఇవాళ అందులో ఉన్న సీసమంతా ఇంచుమించు అక్కడే పుట్టింది. ఒకే గింజలో రెండు గడియారాలు! రెండూ ఒకే వయసు చెబితే ధైర్యంగా నమ్మొచ్చు. తేడా వస్తే సీసం కొంత బయటికి పోయిందేమో, పాత గింజ చుట్టూ కొత్త పొర పెరిగిందేమో చూడాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక ఇసుకరాయిలోంచి జిర్కాన్లు ఏరి, వాటి వయసునే ఆ రాయి వయసుగా రాసేశాను. మా సీనియర్ ఒకాయన చదివి, "ఇసుక ఎక్కడ పుట్టిందో చెప్పావు, ఇక్కడ ఎప్పుడు పరుచుకుందో చెప్పలేదు" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ గింజలు ఎప్పటివో గ్రానైట్లు అరిగితే కొట్టుకొచ్చినవి. ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన ఒక జిర్కాన్‌కి దాదాపు 440 కోట్ల ఏళ్లు, దాన్ని పట్టుకుని ఉన్న గులకరాతి శిలకి మాత్రం 300 కోట్లే. ఇసుకరాయిలో అన్నిటికన్నా చిన్న గింజ చెప్పేది ఒక్కటే: ఈ రాయి నాకన్నా పెద్దది కాదు. అందుకే అవక్షేప శిలల మధ్య అగ్నిపర్వత బూడిద పొర కనిపిస్తే వదలకు. దాని జిర్కాన్లు ఆ బూడిద రాలిన కాలం దగ్గరికి తీసుకెళ్తాయి.

గ్రానైట్‌లోనూ ఇలాంటి చిక్కే ఉంది. నల్ల అభ్రకంలో పొటాషియం మారి ఆర్గాన్ అవుతుంది. సుమారు 300 డిగ్రీలకన్నా వేడిగా ఉన్నంతసేపూ ఆ వాయువు తప్పించుకుపోతూనే ఉంటుంది. కాబట్టి ఒకే రాయిలో జిర్కాన్ ఒక వయసు, అభ్రకం అంతకన్నా తక్కువ వయసు చెబితే టెన్షన్ పడకు. ఒకటి స్ఫటికం కట్టిన కాలం, ఇంకోటి చల్లారిన కాలం.

కార్బన్ 14తో వయసు కట్టే పద్ధతి జోలికి పోకు, అది సుమారు 50 వేల ఏళ్లు దాటితే పనికిరాదు.

శుభ్రత గురించి ఎంత చెప్పినా తక్కువే. 1956లో ఉల్కల్లోని సీసం కొలిచి భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేల్చిన అమెరికా శాస్త్రవేత్త ప్యాటర్సన్‌కి, బయటి సీసాన్ని తన ల్యాబ్‌లోకి రాకుండా ఆపడానికే ఏళ్లు పట్టింది. నువ్వు పైన గాలికీ వానకీ పాడైన పెచ్చు కొట్టేసి, లోపలి గట్టి రాయే తీసుకో. రెండు శాంపిళ్లను ఒకే సంచిలో వెయ్యకు. ప్రతి సంచి మీద నంబరుతో పాటు, ఈ రాయి జీవితంలో ఏ ఘటన కాలం కావాలో కూడా రాయి. అది రాయలేకపోతే ఆ శాంపిల్ ఇంకా పంపకు.

పొరల వరస గీశాక ఫొటో తీసి నాకు పంపు. ఏవి ల్యాబ్‌కి పంపాలో కలిసి చూద్దాం.

నీ పెదనాన్న