‘ప్లక్’ అంటే పీకడం కదా, ధైర్యం అనే అర్థం ఎలా వచ్చింది?

మీ సందేహం న్యాయమైనదే. పూలు కోయడానికీ, కోడి ఈకలు పీకడానికీ వాడే మాట ధైర్యం ఎలా అయింది? నేను ఇంటర్మీడియట్‌లో ఈ మాట దగ్గరే బోల్తా పడ్డాను. ‘కుర్రవాడు ప్లక్ చూపించాడు’ అన్న ఇంగ్లీషు వాక్యాన్ని ‘కుర్రవాడు పూలు కోసి చూపించాడు’ అని తెలుగు చేశాను. మాస్టారు దాన్ని తరగతిలో చదివి వినిపించారు. ఆ ఏడాదంతా నేను పూలబ్బాయినే.

జవాబు అప్పటికే నా కళ్ల ముందు వేలాడుతోందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. కర్నూలు పాతబస్తీలో ఆదివారం పొద్దున మాంసం కొట్టుకు నాన్న నన్ను తీసుకెళ్లేవారు. కొట్టు భాయ్ పొట్టేలు పొట్ట చీల్చి, గొంతుగొట్టం పట్టుకుని ఒక్క గుంజు గుంజితే ఊపిరితిత్తులు, గుండెకాయ, కార్జం ఒకే గుత్తిగా వచ్చేసేవి. దాన్ని కొక్కేనికి తగిలించేవాడు. ఇంగ్లీషు కసాయివాళ్లు ఆ గుత్తికి పెట్టిన పేరే ప్లక్. పెరికి తీసేది కాబట్టి ప్లక్. 17వ శతాబ్దం నాటికే ఈ వాడుక ఉంది. స్కాట్లాండ్ వంటకం హాగిస్‌ను చేసేది గొర్రె ప్లక్‌తోనే.

గుండె, కార్జం ఉన్న గుత్తి ధైర్యానికి పేరు కావడానికి ఎంతసేపు? 18వ శతాబ్దం చివరికి ముష్టియుద్ధాల గోదాలో ఆ మాట స్థిరపడింది. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ లండన్‌లో వెలువరించిన వీధిమాటల నిఘంటువులో ప్లక్ లేనివాడంటే పిరికివాడు. మర్యాదగల ‘కరేజ్’ మాత్రం తక్కువా? దాని మూలమూ లాటిన్‌లో గుండె అని అర్థమిచ్చే ‘కోర్’ అనే మాటే.

మాకు ఇందులో వింతేమీ లేదు. ఉర్దూ, తెలుగు కలిసి తిరిగే మా వీధుల్లో ‘కలేజా ఉందా?’ అని కొట్టులో అడిగితే ఒక అర్థం, గొడవలో అడిగితే ఇంకొకటి. తెలుగులో గుండెధైర్యం ఉండనే ఉంది. అయితే ‘గుండెలు తీసిన బంటు’ అన్నది చూడడానికి ప్లక్‌కు అచ్చమైన అనువాదంలా ఉన్నా, దాని జోలికి పోవద్దు. ఆ మాట మనం టక్కరిని గురించి అంటాం.

వాడుకలో ఒక మెలిక ఉంది. ఎదుట ఉన్నది తనకన్నా పెద్దదైనా తగ్గనివారికే ప్లక్ నప్పుతుంది. పహిల్వాన్‌కు వాడితే వెటకారమవుతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్లోకి వచ్చి తీసిన తర్వాత, మా వీధి చివర ఇడ్లీలమ్మే అవ్వ ఎవరి కోసమూ చూడకుండా చేటతో బురద ఎత్తిపోసుకుని, తడి కట్టెలతోనే పొయ్యి వెలిగించింది. అదీ ప్లక్ అంటే. ఆ ఇడ్లీల్లో పొగవాసన, బురదవాసన రెండూ ఉండేవి. చట్నీ కూడా లేదు. అయినా వరుసలో నిలబడి తిన్నాం.