పక్కవాద్యానికి పాత కంప్యూటరు చాలు

చిక్కడపల్లి, హైదరాబాదు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. పిల్లలకు లలిత సంగీతం నేర్పే ప్రతిసారీ కీబోర్డు, గిటారు వాయించేవారిని ఇంటికి పిలిపించడం అయ్యే పని కాదు కనుక, బ్యాండ్ ఇన్ ఎ బాక్స్ వంటి పక్కవాద్యాల సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలన్న నీ ఆలోచన సబబుగానే ఉంది. దానికోసం గ్రాఫిక్స్ కార్డున్న గేమింగ్ ల్యాప్‌టాప్ కొనాలని దుకాణదారు చెప్పిన మాట మాత్రం పట్టించుకోవద్దు. ఆ కార్డు తెరమీద బొమ్మలకు పనికొస్తుంది గాని నీ డ్రమ్స్‌కూ గిటారుకూ ఒరగబెట్టేది ఏమీ లేదు. పైపెచ్చు ఆ ల్యాప్‌టాప్‌ల ఫ్యాన్ రొద, పిల్లలు పాడుతున్నప్పుడు మైకులోకి చేరుతుంది. నువ్వు అనుకున్న ఇరవై అయిదు వేలలో ముప్పాతిక వంతుకు మించకుండా కంప్యూటరుకు పెట్టి, మిగిలిన డబ్బు ధ్వని బయటికి వచ్చే మార్గం మీద ఖర్చు చేయమని నా సలహా.

తంబుర శ్రుతి, తాళం మాత్రమే కావాలంటే కంప్యూటరు అసలు అక్కర్లేదు, ఫోనులో ఒక యాప్ సరిపోతుంది. కార్డ్స్ (కలిపి పలికే స్వరాల గుంపులు) వరస ఇస్తే సాదాగా వాయించి పెట్టే ఐరియల్ ప్రో కూడా ఫోనులోనే నడుస్తుంది. నీ దగ్గర అయిదున్నర శ్రుతిలో పాడే ఆడపిల్లలూ, గొంతు మారి ఒకటికి దిగిన మగపిల్లలూ ఒకే పాట నేర్చుకుంటున్నారు కనుక, శ్రుతినీ నడకనూ క్షణంలో మార్చి, ఇంట్రో, చరణాల మధ్య బిట్లతో సహా పాట మొత్తాన్ని కూర్చగల సాఫ్ట్‌వేరే నీకు తగినది. అయితే బ్యాండ్ ఇన్ ఎ బాక్స్‌లోని బాణీల్లో ఎక్కువ భాగం జాజ్, కంట్రీ, పాప్ రకాలేనని తెలుసుకుని కొను. మన లలిత గీతాలకు వాటిలో కొన్ని చక్కగా అమరుతాయి గాని, కృతికి మృదంగం వాయించి పెట్టమంటే అది దాని వల్ల కాదు.

అది పనిచేసే తీరు తెలిస్తే ఎటువంటి కంప్యూటరు కావాలో నీకే అర్థమవుతుంది. కెనడాకు చెందిన పీజీ మ్యూజిక్ సంస్థ దీన్ని 1990లో విడుదల చేసింది. మొదట్లో ఇది మిడి పద్ధతిలోనే వాయించేది, అంటే ఏ స్వరం ఎప్పుడు, ఎంత గట్టిగా పలకాలన్న సూచనలు మాత్రమే పంపేది. అది ఎంత పాత కంప్యూటరుకైనా తేలిక పనే. తరువాత వచ్చిన రియల్‌ట్రాక్స్‌లో స్టూడియో కళాకారులు నిజంగా వాయించిన ముక్కలను, నువ్వు ఇచ్చిన కార్డ్స్‌కూ వేగానికీ తగ్గట్టు ఏరి అతికిస్తుంది. అందువల్ల ప్రాసెసర్ కంటే డిస్కు మీద భారం ఎక్కువ పడుతుంది. తిరిగే పాత హార్డ్‌డిస్కు ఉంటే పాట సిద్ధమయ్యేలోగా పిల్లలు కబుర్లలో పడతారు. కాబట్టి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) లేని కంప్యూటరు ఎంత చవకగా వచ్చినా వద్దు. లోపల 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉంటే చాలు. పెద్ద ప్యాకేజీ తీసుకుంటే వాద్యాల భాండాగారమే వంద జీబీ దాటుతుంది కనుక దాన్ని బయటి ఎస్‌ఎస్‌డీలో ఉంచి, యూఎస్‌బీ 3 సాకెట్‌కే తగిలించు. సాధారణంగా దాని లోపలి పట్టీ నీలం రంగులో ఉంటుంది.

ఇక ఏది కొనాలి అంటే, కంపెనీలు వాడి వదిలేసిన డెల్ లాటిట్యూడ్, లెనోవో థింక్‌ప్యాడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ రకాల వైపు చూడమంటాను. కొత్తగా చవకగా వచ్చే పల్చని ల్యాప్‌టాప్‌ల కంటే ఇవి దృఢమైనవి, చాలావాటిలో ర్యామ్ పెంచుకునే వీలు కూడా ఉంటుంది. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే మనం సీటీసీ అంటామే, అక్కడ ఇటువంటివి వరుసగా పేర్చి అమ్ముతారు. నాలుగు దుకాణాలు తిరిగాకే బేరం మొదలుపెట్టు. "ఐ7 అమ్మా, దీన్ని మించింది లేదు" అంటారు. ఐ5, ఐ7 అన్నవి ప్రాసెసర్ రకాల పేర్లు. ఆ మాటకు లొంగక, దాని పక్కనున్న అంకె చదువు. ఐ5-8250యు అని ఉంటే 8తో మొదలైంది కనుక అది ఎనిమిదో తరం, నాలుగు కోర్లు ఉంటాయి, విండోస్ 11 అధికారికంగా ఎక్కుతుంది. అదే 3తోనో 4తోనో మొదలయ్యే నాలుగంకెల ఐ7 అయితే ఎక్కదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది కనుక ఈ ఒక్క విషయంలో రాజీ పడవద్దు.

ల్యాప్‌టాప్‌ను చేతిలోకి తీసుకున్నాక చూడవలసినవి కొన్ని ఉన్నాయి. నీ ఇయర్‌ఫోన్స్ వెంట తీసుకుపోయి, తంబుర నాదం ఉన్న ఫైలు ఒకటి పెట్టించు. చార్జర్ తగిలించి ఒకసారి, తీసేసి ఒకసారి విను. తగిలించినప్పుడు మాత్రమే "గుయ్" మని వినిపిస్తే, ఆ హమ్ రేపు నీ స్పీకర్లలో పదింతలు వినిపిస్తుంది. అది చార్జరు దోషమో, అక్కడి ఎర్తింగు దోషమో తేలాలంటే వేరే ప్లగ్‌లో పెట్టి మళ్లీ వినాలి. హెడ్‌ఫోన్ పిన్నును సాకెట్‌లో మెల్లగా తిప్పి చూడు, ఒక చెవిలో శబ్దం పోతే ఆ సాకెట్ అరిగిపోయినట్టే. స్టార్ట్ చేస్తూ బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి, వెళ్లమను. పాత కంపెనీ పాస్‌వర్డ్ ఇంకా అడుగుతుంటే ఆ సరుకు ముట్టుకోవద్దు. బ్యాటరీ ఎలాగూ నీరసించి ఉంటుంది, నువ్వు ఇంట్లోనే వాడతావు కనుక దానిమీద బెంగ వద్దు గాని, దాన్ని చూపించి ధర తగ్గించమని తప్పక అడుగు.

టీవీనే తెరగా వాడుకుందామనుకుంటే, అరచేయంత మందం ఉండే చిన్న డెస్క్‌టాప్‌లు ఇంకా చవకగా దొరుకుతాయి. కరెంటు పోతే యూపీఎస్ ఉండాలి, ధ్వనిని మాత్రం టీవీ స్పీకర్ల నుంచి కాక విడిగా తీసుకోవాలి, ఎందుకంటే టీవీ శబ్దాన్ని ఆలస్యంగా పలికిస్తుంది. బ్లూటూత్ స్పీకరుకూ అదే తంటా.

ఈ ఆలస్యం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ట్రాక్ పెట్టుకుని పాడితే దానితో పేచీ లేదు. నీ కీబోర్డును యూఎస్‌బీతో కలిపి కంప్యూటరులోని వాద్యాన్ని పలికించాలంటే మాత్రం, మీట నొక్కిన క్షణానికీ నాదానికీ మధ్య వ్యవధి చెవికి అందకూడదు. సెకనుకు 44,100 శాంపిళ్ల (ధ్వని ముక్కల) లెక్కన 256 శాంపిళ్ల బఫర్, అంటే పలికించే ముందు ధ్వనిని నిలవ ఉంచే తావు, దాదాపు 6 మిల్లీసెకన్లు, అది చెవికి తెలియదు. 1024 పెడితే 23 దాకా పోతుంది, మిగతా ఆలస్యాలు దానికి తోడై వేళ్లు తడబడతాయి. విండోస్‌లో మామూలుగా వచ్చే సౌండ్ డ్రైవరు చాలాసార్లు ఇంత చిన్న బఫర్‌తో సరిగా పనిచేయదు. మిగిలిన డబ్బు ధ్వని మార్గం మీద పెట్టమన్నది అందుకే: ఆలస్యాన్ని తగ్గించే ఏఎస్‌ఐఓ డ్రైవరు ఉన్న చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే కంప్యూటరుకు బయట తగిలించే ధ్వని పెట్టె, కొనుక్కో. పిల్లల గొంతు రికార్డు చేయడానికి మైకు సాకెట్టు కూడా అందులోనే ఉంటుంది. ఇప్పుడే కొనలేకపోతే ఏఎస్‌ఐఓ4ఆల్ అనే ఉచిత డ్రైవరుతో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. ఇంటర్‌ఫేస్‌కు కావలసిన కేబుళ్లు కోఠీ గుజరాతీ గల్లీలో చూడు.

పాట మధ్యలో చిటపటలు వినిపిస్తే వెంటనే కంప్యూటరును తిట్టకుండా, వైఫై ఆపి, పవర్ సెట్టింగును హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టి చూడు. చాలాసార్లు అంతటితో పోతుంది. పోకపోతే బఫర్‌ను ఒక మెట్టు పెంచు.

బిల్లు మీద సీరియల్ నంబరు, వారంలోగా మార్చి ఇస్తామన్న మాట రెండూ రాయించు. సాఫ్ట్‌వేర్ పెద్ద ప్యాకేజీ మొదటే కొనకు. చిన్నదానితో నీ పాటలు నాలుగు కూర్చి చూశాక, ఏ బాణీలు తక్కువ పడ్డాయో నాకు రాయి.

ఇట్లు,
మామయ్య