కందిరీగల చదువు కూడు పెడుతుందా?

అనకాపల్లి దగ్గర చెరకు, ముల్లంగి వేసే రైతు ఒకరు అడిగారు: "మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. గట్ల మీద పసుపు ప్లేట్లలో సబ్బు నీళ్లు పోసి, వాటిలో పడ్డ చిన్న చిన్న కందిరీగల్ని సీసాల్లో దాస్తోంది. మన జిల్లాలో ఎన్ని రకాలున్నాయో తేలుస్తానంటోంది. దీంతో బతుకుతెరువు ఉంటుందా?"

ఉంటుందయ్యా. దారి మాత్రం చూసి ఎంచుకోవాలి.

మీ ముల్లంగి ఆకు తినే నల్లటి పురుగును చూసే ఉంటారు, ముట్టుకుంటే చుట్టుకుని కింద పడిపోతుంది. గొంగళి పురుగే కదా అని బీటీ మందు (గొంగళి పురుగుల్ని చంపే బ్యాక్టీరియా మందు) కొడితే చావదు. పొట్ట కింద కాళ్లు లెక్కపెట్టి చూపించమనండి. గొంగళి పురుగుకు 5 జతలు దాటవు, దీనికి 8 ఉంటాయి. అది రంపపు ఈగ పిల్ల. పేరుకే ఈగ, చుట్టరికం కందిరీగలతో. ఈ తేడా తెలియక ఎంత మందు వృథా అవుతుందో మీకే తెలుసు. చెరకులో పీక పురుగు గుడ్ల మీదకి వదిలే ట్రైకోగ్రామా కూడా కందిరీగే, మిల్లీమీటరు కూడా ఉండదు. 2008లో తమిళనాడులో బొప్పాయి పిండినల్లి బయటపడి తోటల్ని నాశనం చేసింది. 2010లో ప్యూర్టోరికో నుంచి ఎసిరోఫేగస్ పపాయే అనే బుల్లి కందిరీగను తెప్పించి వదిలాకే అదుపులోకి వచ్చింది. ఏది ఏ జాతో గుర్తుపట్టేవాళ్లు ఉండబట్టే అది జరిగింది.

ఇక చదువు. ఈఏపీసెట్‌లో బీఎస్సీ అగ్రికల్చర్ సీటు వస్తే వదలొద్దు. రైతు కోటా ఉంది, పొలం కాగితాలు ఇప్పుడే సర్దిపెట్టుకోండి. ఆ తర్వాత ఎంటమాలజీ (కీటక శాస్త్రం)లో పైచదువులు చదివి ఏఆర్‌ఎస్ (వ్యవసాయ పరిశోధన సర్వీసు) పరీక్ష రాస్తే ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి)లో శాస్త్రవేత్త కావచ్చు. కీటకాల గుర్తింపుకు బెంగళూరులో ప్రత్యేకంగా ఒక జాతీయ బ్యూరోనే ఉంది. అది అందకపోయినా వ్యవసాయాధికారి ఉద్యోగానికి డిగ్రీ చేతిలో ఉంటుంది. సీటు రాకపోతే బీఎస్సీ, ఎమ్మెస్సీ జువాలజీ, నెట్ (లెక్చరర్, పరిశోధన అర్హత పరీక్ష), పీహెచ్‌డీ. ఆ దారి కోల్‌కతాలోని భారత జంతు సర్వేక్షణ సంస్థ వంటి చోట్లకు వెళ్తుంది. దాచకుండా చెబుతున్నా, అందులో పర్మనెంటు పోస్టులు తక్కువ. ప్రాజెక్టు జీతాలతోనే ముప్పై ఏళ్లు దాటిపోవచ్చు. అన్నాళ్లూ ఇంటి అండ కావాలి.

ఆ సీసాలు పారేయకండి. పురుగులు ఆల్కహాల్‌లో ఉండాలి. ప్రతి సీసాలోనూ ఊరు, పంట, తేదీ, పట్టినవారి పేరు పెన్సిల్‌తో రాసిన చీటీ వేయమనండి, పెన్ను సిరా కరిగిపోతుంది. చీటీ లేని పురుగు సర్వేకి పనికిరాదు. అడవిలో పట్టాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి కాబట్టి ప్రస్తుతానికి మీ పొలం చాలు. పరీక్షలయ్యేదాకా ఆదివారం మాత్రమే ప్లేట్లు పెట్టనివ్వండి. మీరు ఏ రోజు ఏ మందు కొట్టారో కూడా ఆ చీటీలో రాయించండి.