మెదడు గురించి చదవాలంటే న్యూరోసర్జనే కావాలా?

ప్రశ్న: మాది దేవరకొండ. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ సెకండియర్ చదువుతోంది. నిరుడు మా నాయినకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. మనం చెప్పేది అర్థమవుతుంది గానీ ఆయన చెప్పబోతే మాట రాదు. కోపమొస్తే మాత్రం తిట్లు స్పష్టంగా వస్తాయి. దెబ్బ మెదడు ఎడమ వైపు అని డాక్టర్లు చెప్పారు. అప్పటి నుంచి మా అమ్మాయి న్యూరోసర్జన్ అవుతానని పట్టుబట్టింది. లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు ఎన్నేళ్లని పంపాలి? వేరే దారి ఏమైనా ఉందా?

జవాబు: మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చింది ఆ తిట్ల సంగతే. దాని గురించి మీ అమ్మాయి ఏం అడుగుతోందో గమనించారా? ‘తాతకు మాట రాదు, తిట్లెట్లొస్తున్నయి?’ అని అడిగే పిల్లకు, ‘ఆపరేషన్ ఎట్ల చేస్తరు?’ అని అడిగే పిల్లకు పోవాల్సిన కోర్సులు వేరు.

ముందు ఆ ప్రశ్నకే జవాబు చెబుతాను. మాటను కూర్చి నోటికి అందించే భాగం ఎక్కువ మందిలో ఎడమ వైపు, నుదురు వెనక ఉంటుంది. కుడి చేతిని కదిలించే భాగం దానికి దగ్గర్లోనే ఉంది. రెండింటికీ రక్తం ఒకే పెద్ద నాళం నుంచి వస్తుంది. అది మూసుకుపోతే చెయ్యీ మాటా కలిసే పోతాయి. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టర్ ఇలాంటి రోగినే చూశాడు. ఏమడిగినా ఆ మనిషి ‘టాన్’ అనే ముక్క తప్ప ఇంకేమీ అనలేకపోయేవాడు. కోపమొస్తే మాత్రం ఆయన నోటా ఒక తిట్టు వచ్చేది! చనిపోయాక చూస్తే మెదడు ఎడమ ముందు భాగం దెబ్బతిని ఉంది. ఆలోచించి కూర్చుకునే మాట వేరు, అలవాటుగా తన్నుకొచ్చే మాట వేరు. తిట్లు, ఒకటి రెండు మూడు లెక్క, చిన్నప్పటి పాటలు రెండో రకం. వాటికి మెదడులోని వేరే భాగాలు కూడా సాయపడతాయి. అందుకే అవి మిగిలిపోతాయి.

దెబ్బ ఇంకాస్త వెనక, ఎడమ చెవి పైభాగాన తగిలితే కథ తలకిందులవుతుంది. 1874లో కార్ల్ వెర్నికె దీన్ని వివరించాడు. అలాంటి మనిషి గడగడా మాట్లాడతాడు గానీ అందులో అర్థం ఉండదు, మనం చెప్పేదీ ఆయనకు ఎక్కదు. ఊళ్లల్లో ఇలాంటివాళ్లను చూసి గాలి సోకిందనో పిచ్చి పట్టిందనో అనుకుంటారు. కుడి వైపు పైభాగం దెబ్బతిన్న కొందరైతే కంచంలో కుడి సగం అన్నమే తిని, ఎడమ సగం అట్లాగే వదిలేస్తారు. కళ్లు బాగానే ఉంటాయి, ఎడమ పక్క ఒకటుందన్న ధ్యాసే ఉండదు. హైవే మీద హెల్మెట్ లేకుండా బండి మీద నుంచి పడి, నుదుటి భాగం నలిగి బతికినవాళ్ల ఇళ్లలో ‘మనిషి నడుస్తున్నడు, మాట్లాడుతున్నడు, కానీ మునుపటి మనిషి కాదు’ అంటారు. ఓర్పు, ముందుచూపు, మర్యాద చూసుకునే భాగం అది.

ఇక చదువు. సర్జన్ పని ఆపరేషన్ థియేటర్‌లో గడ్డను తీయడం, రక్తస్రావం ఆపడం. అక్కడికి చేరాలంటే ఎంబీబీఎస్‌కు ఐదున్నరేళ్లు, మామూలు దారిలో సర్జరీలో పీజీ, అంటే ఎంఎస్ మూడేళ్లు, ఆపైన న్యూరోసర్జరీలో ఎంసీహెచ్ మూడేళ్లు. మధ్యలో మళ్లీ రెండు ప్రవేశ పరీక్షలు. మీ అమ్మాయికి నిజంగా ఆ ఇష్టం ఉంటే వద్దనను. నల్లగొండలోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. ఈసారి నీట్ రాయనివ్వండి. మార్కులు సీటుకు దగ్గరగా వస్తే ఒక్క లాంగ్‌టర్మ్, అంతే. రెండోది, మూడోది నేను ఒప్పుకోను. పద్దెనిమిదేళ్ల పిల్లను హాస్టల్ గదిలో అవే పుస్తకాల ముందు మూడేళ్లు కూర్చోబెడితే, మెదడు మీద ఉన్న ఆ ఇష్టమే ముందు చచ్చిపోతుంది.

నా ఓటు స్పీచ్ థెరపీకి. కోర్సు పేరు బీఏఎస్ఎల్‌పీ. ఇంటర్ సైన్స్ తర్వాత ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. ఈ రంగంలో దేశంలో పెద్ద పేరు మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ. దగ్గర్లో కావాలంటే సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ముందు అక్కడ అడగండి. పని మాటలు నేర్పడంతో అయిపోదు. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి మింగడం కష్టమవుతుంది. పొలమారి అన్నమో నీళ్లో ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. ఎవరికి ఏం, ఎలా తినిపించాలో చూసి చెప్పేది కూడా ఈ థెరపిస్టే. పుట్టుకతో వినపడని పిల్లల పని సరేసరి.

ఇందులో మీ అమ్మాయికి ఒక అనుకూలత ఉంది, దాన్ని తక్కువగా చూడకండి. పోయిన మాటను తిరిగి రప్పించాలంటే రోగి ఇంట్లో మాట్లాడే భాషలోనే పని చేయాలి. గొంగడి, సర్వ, గంప బొమ్మలు చూపిస్తే మీ నాయిన నోట మాట కదలొచ్చు, కంప్యూటర్ మౌస్ బొమ్మ చూపిస్తే ఏం వస్తుంది? దేవరకొండ చుట్టూ తండాలున్నాయి. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు మాట్లాడేవాళ్లకు స్ట్రోక్ తర్వాత రెండు భాషలూ ఒకేలా తిరిగి రాకపోవచ్చు. ఇక్కడ పెరిగిన పిల్లకు ఆ తేడా చెవికి అందుతుంది.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. ప్రైవేట్ ఆస్పత్రులు, రిహాబ్ సెంటర్లు ఎక్కువగా హైదరాబాద్‌లోనే ఉన్నాయి. జిల్లాల్లో పిల్లల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేయడానికి పెట్టిన డీఈఐసీ కేంద్రాల్లో పోస్టులుంటాయి గానీ తరచూ కాంట్రాక్టువే. సొంతంగా క్లినిక్ పెట్టుకుంటే మొదట్లో నిదానంగా నడుస్తుంది.

చెయ్యి, కాలు పని మీద ఆసక్తి ఉంటే ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ ఉన్నాయి. జ్ఞాపకం, ప్రవర్తన మీద అయితే సైకాలజీ డిగ్రీ, పీజీ చేసి క్లినికల్ సైకాలజీకి వెళ్లాలి. రోగుల కంటే పరిశోధన నచ్చితే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మెదడు, మనసు మీద పనిచేసే కేంద్రం ఉంది.

మీ నాయిన విషయం ఒకటి. మాట తిరిగి రావడం మొదటి నెలల్లో వేగంగా ఉంటుంది, కానీ ఏడాది దాటాక ఆగిపోతుందని ఏమీ లేదు. పసరు మందులు, పావురం రక్తం అంటూ తిప్పకండి. బీపీ గోలీలు మానకుండా చూడండి, సికింద్రాబాద్ పోయే రోజు ఆయన్నూ తీసుకెళ్లండి. థెరపిస్ట్ ఆయనతో గంటసేపు ఏం చేస్తారో మీ అమ్మాయిని పక్కన కూర్చుని చూడనివ్వండి.

స్పీచ్ థెరపీలో చేరాలనుకుంటే కాలేజీకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. గుర్తింపు లేని చోట చదివితే రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీస్ చేయకూడదు. సీటు ఇప్పిస్తామని ఫోన్ చేసే ఏజెంట్లకు ఒక్క రూపాయి కూడా కట్టకండి.