నలభై మంది వేసిన కేసు మూడొందల మందికీ వర్తిస్తుందా?

ప్రశ్న: మా ప్రాజెక్టులో మూడు టవర్లు, 312 ఫ్లాట్లు. ఒప్పందంలో రాసిన గడువు దాటి రెండున్నరేళ్లయింది. 40 మందిమి కలిసి అందరి తరఫునా వినియోగదారుల కమిషన్‌లో ఒకే కేసు వేద్దామనుకుంటున్నాం. కుదురుతుందా? ఎక్కడ వేయాలి? (ఒక పాఠకుడు, మణికొండ)

జవాబు: కుదురుతుంది. అయితే మీకు కావలసింది నిజంగా ఈ రకం కేసేనా అన్నది ముందు తేల్చుకోండి.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 35(1)(సి) ప్రకారం, ఒకే ప్రయోజనం ఉన్నవాళ్లు ఎక్కువమంది ఉంటే వారిలో ఒక్కరైనా అందరి తరఫునా ఫిర్యాదు చేయవచ్చు. కమిషన్ అనుమతి తప్పనిసరి. అందుకు ఫిర్యాదుతో పాటే విడిగా దరఖాస్తు పెట్టాలి.

కేసులు బోల్తాపడేది ఈ ‘ఒకే ప్రయోజనం’ దగ్గరే. బెంగళూరులో బ్రిగేడ్ అనే బిల్డర్ సంస్థ ప్రాజెక్టులో 1,134 ఫ్లాట్లు. 51 ఫ్లాట్లు కొన్న 91 మంది అందరి తరఫునా ఫిర్యాదు చేశారు. 2021 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. బ్లాకుకో గడువు ఉంది. మిగతా కొనుగోలుదారుల ఫిర్యాదు కూడా ఇదేనని చూపించే వివరాలు అర్జీలో లేవు. తల లెక్క పెద్దదైనంత మాత్రాన సరిపోదన్నమాట. అయితే కేసును పూర్తిగా కొట్టేయకుండా, ఆ 91 మంది తమకోసం మాత్రమే వేసిన ఉమ్మడి ఫిర్యాదుగా కొనసాగించమంది.

కాబట్టి ముందు ఒక పట్టిక వేయండి: టవర్, ఒప్పందం తేదీ, పొజెషన్ గడువు, కట్టిన సొమ్ము, ఇప్పటి స్థితి. గడువులు టవర్‌కొకటి ఉంటే టవర్‌కో వర్గంగా విడగొట్టడం మేలు. ఫ్లాటే కావాలనేవాళ్లనూ, డబ్బు వెనక్కి ఇమ్మనేవాళ్లనూ ఒకే వర్గంలో కలపకండి. అడిగే పరిహారం కూడా అందరికీ ఒకటే ఉండాలని 2016లో అంబరీష్ కుమార్ శుక్లా కేసులో జాతీయ కమిషన్ చెప్పింది. మనిషికో మొత్తం అడగకుండా, కట్టిన సొమ్ము మీద ఏడాదికి ఇంత శాతం అని అడిగితే ఒకే సూత్రం అందరికీ సరిపోతుంది.

అనుమతి వచ్చాక సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 8 అమల్లోకి వస్తుంది. వర్గంలోని అందరికీ నోటీసు ఇవ్వాలి, ఖర్చు మీదే. వందల మంది ఉంటే సాధారణంగా పత్రికా ప్రకటన ఇమ్మంటారు. ఆ డబ్బు ముందే పోగు చేసుకోండి, ప్రకటన దగ్గర నెలల తరబడి ఆగిపోయే కేసులున్నాయి. ఈ దారిలో ఒక రక్షణ ఉంది: అందరికీ నోటీసు ఇవ్వకుండా కేసు ఉపసంహరించుకోవడానికీ రాజీ పడడానికీ వీల్లేదు. బిల్డర్ నలుగురు ముఖ్యుల్ని పక్కకు పిలిచి సర్దేస్తే కేసు ముగియదు. ముందుండి నడిపేవాళ్లు అశ్రద్ధ చేస్తే కోర్టు వాళ్ల స్థానంలో మరొకరిని పెట్టగలదు. రెండో వైపు కూడా చూడండి. తీర్పు సంతకం పెట్టనివాళ్లకూ వర్తిస్తుంది, గెలిచినా ఓడినా.

ఎక్కడ వేయాలంటే, ఇప్పుడు లెక్క ఒప్పందంలోని ధర మీద కాదు, నిజంగా కట్టిన సొమ్ము మీద. విడివిడిగా వేస్తే 50 లక్షల దాకా జిల్లా కమిషన్, ఆపైన 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్. వర్గం తరఫున వేస్తే అందరి సొమ్మూ కలిపి లెక్కగట్టాలన్నది పైన చెప్పిన 2016 తీర్పే. 312 ఫ్లాట్లంటే నేరుగా ఢిల్లీలోని జాతీయ కమిషనే. 10 కోట్లు దాటితే ఫీజు 7,500 రూపాయలు. ఫీజు తక్కువే కానీ వాయిదాల ప్రయాణం తక్కువ కాదు.

కాలపరిమితి రెండేళ్లు. ఫ్లాట్ అప్పగించనంత వరకూ లోపం కొనసాగుతున్నట్లేనని కోర్టులు చూస్తున్నా, మీరు రెండున్నరేళ్లు దాటారు కనుక ఆలస్యాన్ని మన్నించమనే దరఖాస్తు కూడా జతచేయండి. 312 మంది స్థితీ నిజంగా ఒకటే అయితే తప్ప, 40 మంది ఉమ్మడి ఫిర్యాదుతో సరిపెట్టుకోమనే మా సలహా. దానికి పత్రికా ప్రకటన అక్కర్లేదు.

ప్రశ్న: అందరి బదులు మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పేరుతో వేయకూడదా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: వినియోగదారుల కమిషన్‌లో చిక్కుంది. అపార్ట్‌మెంట్ చట్టం కింద తప్పనిసరిగా ఏర్పడే సంఘం ‘స్వచ్ఛంద వినియోగదారుల సంఘం’ కాదని 2020లో కర్ణాటకకు చెందిన శోభా హైబిస్కస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కింద) ఆ ఇబ్బంది లేదు. రెరా సెక్షన్ 31 కొనుగోలుదారుల సంఘాన్ని పేరుపెట్టి మరీ అనుమతిస్తుంది. సర్వసభ్య సమావేశ తీర్మానం, సంఘం రిజిస్ట్రేషన్ పత్రం దగ్గర పెట్టుకోండి. రెరా ఉన్నంత మాత్రాన కమిషన్ తలుపు మూసుకుపోదు కానీ, ఒకే పరిహారం కోసం రెండు చోట్లా ఎక్కకండి.

ప్రశ్న: లిస్టెడ్ కంపెనీలో చిన్న వాటాదారులం. యాజమాన్యం నిధులు మళ్లించిందని అనుమానం. మేం చేయగలిగింది ఉందా? (కొందరు మదుపరులు, హైదరాబాద్)

జవాబు: సత్యం కుంభకోణం గుర్తుంది కదా. 2009 జనవరిలో బయటపడితే అమెరికాలోని మదుపరులకు క్లాస్ యాక్షన్ (అందరి తరఫునా కొందరు వేసే వర్గ కేసు) రాజీ కింద కంపెనీ 12.5 కోట్ల డాలర్లు, ఆడిటర్ సంస్థ 2.55 కోట్ల డాలర్లు ఇచ్చాయి. ఇక్కడి మదుపరులకు అలాంటి దారే లేకపోయింది. ఆ లోటు పూడ్చేందుకు వచ్చిందే 2013 కంపెనీల చట్టంలోని సెక్షన్ 245. అది అమల్లోకి వచ్చేసరికి 2016 అయింది.

కనీసం 100 మంది సభ్యులు, లేదా మొత్తం సభ్యుల్లో 5 శాతం, లేదా లిస్టెడ్ కంపెనీ అయితే జారీ చేసిన మూలధనంలో 2 శాతం వాటా ఉన్నవాళ్లు జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. డైరెక్టర్ల మీదే కాదు, ఆడిటర్ మీదా, సలహాదారు మీదా నష్టపరిహారం అడగవచ్చు. బ్యాంకులకు మాత్రం ఈ సెక్షన్ వర్తించదు. అర్జీ ఊరికే వేధించడానికి వేసిందని తేలితే లక్ష రూపాయల దాకా ఖర్చులు మీమీదే పడతాయి. అందుకే ‘అనుమానం’తో కాక వార్షిక నివేదికలు, సంబంధిత పార్టీలతో (యాజమాన్యానికి సంబంధం ఉన్న సంస్థలు, వ్యక్తులతో) కంపెనీ జరిపిన లావాదేవీల వివరాలతో వెళ్లండి.

ప్రశ్న: ఒక కంపెనీ మీద క్లాస్ యాక్షన్ రాజీ కుదిరిందని పోస్టులో కార్డు వచ్చింది. పక్కన పడేయొచ్చా? (ఒక పాఠకుడు, డల్లాస్)

జవాబు: పడేస్తే మౌనాన్నే అంగీకారంగా తీసుకుంటారు. అమెరికాలో డబ్బు కోరే వర్గ కేసుల్లో, గడువులోగా వైదొలుగుతున్నట్లు రాయకపోతే మీరూ వర్గంలో ఉన్నట్టే. క్లెయిమ్ ఫారం అవసరమైన రాజీలో ఫారం పంపకపోతే డబ్బూ రాదు, అదే విషయం మీద విడిగా దావా వేసే హక్కూ పోతుంది. కార్డు మీది కేసు నంబరును కోర్టు రికార్డుతో సరిచూసుకోండి. క్లెయిమ్ చేయడానికి ముందు ఫీజు కట్టమంటే అది మోసం.