చెయ్యి పనిలో, మనసు ఎక్కడో... తృప్తి ఎలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాకు 43 ఏళ్ళు. ఇంటిపనితో పాటు మా కిరాణా కొట్టు లెక్కలూ నేనే చూస్తాను. బీపీ, షుగర్ లేవు. పొద్దస్తమానం పనిచేసినా ఏదీ చేసినట్టే ఉండదు. వంట చేస్తుంటే కొట్టు గుర్తొస్తుంది. కొట్లో కూర్చుంటే స్టవ్ కట్టేశానో లేదోనని గుబులు. ఏం చేయమంటారు?
- ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి ఇది మతిమరుపులా లేదు. స్టవ్ కట్టేటప్పుడు మనసు అక్కడ లేకపోతే ఆ పని జ్ఞాపకంలో సరిగా నిలవదు, తర్వాత అనుమానం మొదలవుతుంది. చేసినట్టే అనిపించకపోవడానికీ అదే కారణం. 2010లో 'సైన్స్' పత్రికలో వచ్చిన హార్వర్డ్ పరిశోధనలో, మెలకువగా ఉన్నప్పుడు దాదాపు 47 శాతం సందర్భాల్లో జనం మనసు చేస్తున్న పని మీద లేదని తేలింది. అలా లేనప్పుడు సంతోషమూ తక్కువే.

రోజంతా ధ్యాసగా ఉండాలని పెట్టుకోకండి, రెండో రోజుకే విసుగొస్తుంది. ఎలాగూ చేసే పని ఒక్కటి చాలు. మీ వైపు చోడి (రాగి) అంబలి కాచే ఇళ్ళు చాలా ఉంటాయి కదా, దాంతోనే మొదలుపెట్టండి. ఫోన్ వేరే గదిలో పెట్టేయండి. నాలుగు చెంచాల పిండిని అర గ్లాసు చన్నీళ్ళలో వేసి, ఉండలు చేత్తోనే చిదమండి. వేళ్ళకు తగిలే గరుకు గమనించండి. రెండు గ్లాసుల నీళ్ళు మరిగాక మంట తగ్గించి, పిండినీళ్ళు సన్నగా పోస్తూ కలపండి. మొదట తేలిగ్గా తిరిగిన గరిటె కాసేపటికి బరువెక్కుతుంది. పచ్చివాసన పోతుంది, రంగు ముదురుతుంది. ఈ మార్పులను పట్టుకునే ఉండండి. మనసు కొట్టుకు పోయిందని తెలియగానే తిట్టుకోకుండా మళ్ళీ గరిటె దగ్గరికి తీసుకురండి. ఇరవైసార్లు పోయినా ఫర్వాలేదు, తిరిగి తేవడమే అసలు సాధన. దింపాక మంట ఆరడం చూసి, "కట్టేశాను" అని ఒక్కసారి పైకే అనండి.

చాలామంది ఆలోచనలు రాకుండా ఆపబోతారు. అప్పుడు అవి ఇంకా ఎక్కువవుతాయి. కొట్టు బెంగలకు సాయంత్రం పావుగంట కేటాయించి కాగితం మీద రాసేయండి. ఫలితం వెంటనే చూడకండి. 1979లో అమెరికాలో జాన్ కబట్‌జిన్ మొదలుపెట్టిన ఇలాంటి ధ్యాస (మైండ్‌ఫుల్‌నెస్) శిక్షణకు కూడా 8 వారాలు పడుతుంది.

ఈలోగా రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ తగ్గినా నీరసం, ధ్యాస కుదరకపోవడం ఉంటాయి, అవి అంబలి కలిపితే పోవు. స్టవ్‌ను మళ్ళీ మళ్ళీ చూసిరాకుండా ఉండలేకపోతున్నా, రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి ఉన్నా మానసిక వైద్యులను కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు, వెంటనే ఇంట్లోవాళ్ళకు చెప్పి ఆసుపత్రికి వెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, భాష ఎంచుకునే వీలుంది.